ఆమె సంతకం చెల్లాలి

ఈమధ్య మానసిక ఆరోగ్యం మీద జరిగిన ఒక సభకి వెళ్ళాను. మాట్లాడినవాళ్ళలో ఒక పెద్దాయన, ప్రభుత్వ ఉద్యోగంలో చాలాకాలం చేసి రిటైరైన మనిషి, తన హయాంలో ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు ఎలా బాగుపడిందో ఫోటోలు వేసి చూపించారు. అంతకుముందు కటిక నేల మీద పడుకునేవాళ్ళు, ఇప్పుడు మంచాలొచ్చాయి. గోడలకి రంగులు, హాల్లో టీవీ, వరండా అంతా కొత్త గ్రిల్స్, నాలుగు మూలలా సీసీ కెమెరాలు. చివర్లో ఆయన "ఇప్పుడు మా ఆడపిల్లలు చాలా భద్రంగా ఉన్నారు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన నిజంగానే పనిచేసిన మనిషి, అందులో నాకేమీ అనుమానం లేదు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, సోషల్ వర్క్ చదువుతోందనుకుంటా, "సార్, వాళ్ళలో జబ్బు తగ్గిపోయి కూడా అక్కడే ఉన్నవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది. ఆయన దాపరికం లేకుండా చెప్పారు: "చాలామందే ఉన్నారమ్మా. ఏం చేస్తాం, తీసుకెళ్ళడానికి ఎవరూ రారు." హాల్లో కొందరు అయ్యో అన్నారు, తర్వాత భోజనాలకి లేచాం.

నాకు మాత్రం ఆ మాట అక్కడితో పోలేదు. తీసుకెళ్ళడానికి ఎవరూ రారు. జబ్బు తగ్గిన పెద్దమనిషిని, ముప్పయ్యో నలభయ్యో ఏళ్ళున్న మనిషిని, ఎవరో వచ్చి తీసుకెళ్ళడమేంటి? కిడ్నీలో రాయి తీయించుకున్నవాళ్ళని ఎవరూ రాలేదని పదేళ్ళు వార్డులో ఉంచుకుంటారా? ఆడవాళ్ళ వార్డుల బాగు గురించి మన దగ్గర జరిగే మాటలన్నీ మంచం, పరుపు, అన్నం, బాత్రూం చుట్టూ తిరుగుతాయి. అవన్నీ కావాలి, ఒక్కటి కూడా వద్దనను. కానీ ఆ లోపలున్న మనిషి "నేను వెళ్ళిపోతాను" అని రాసి సంతకం పెడితే అది చెల్లనంతకాలం మిగతా సంస్కరణలన్నీ ఆ గది బాగుచేయడమే తప్ప ఆమెకి హక్కు ఇవ్వడం కాదు అని నా అభిప్రాయం. ఇదెందుకంటున్నానో కాస్త పొడుగ్గానే చెప్పాలి.

డిశ్చార్జి రోజు

మా చిన్నాన్న కూతురు, నాకు అక్క, రెండో కాన్పు తర్వాత జబ్బు పడింది. నిద్ర పోయేది కాదు, పిల్లాణ్ణి ఎవరో మార్చేశారని అనేది, ఒకరోజు అర్ధరాత్రి చంటిపిల్లాడితో రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. అత్తగారివాళ్ళు ఆసుపత్రిలో చేర్పించి, మూడోరోజు పిన్నికి ఫోన్ చేసి "మీ పిల్ల ఫలానా చోట ఉంది, చూసుకోండి" అన్నారు. ఆ తర్వాత వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. చిన్నాన్న అప్పటికే లేరు.

మందులు పడ్డాక అక్క తేరుకుంది. డాక్టరుగారు చక్కటి మనిషి, ఓపిగ్గా మాట్లాడేవారు. ఇంటికి తీసుకెళ్ళొచ్చని, మందులు మానకూడదని, నెలనెలా ఓపీకి తీసుకురమ్మని చెప్పి కేస్ షీట్‌లో రాసేశారు. నేనూ పిన్నీ సంచులు సర్దుకుని ఆఫీసు గదికి వెళ్ళాం.

అక్కడ కూర్చున్నాయన రిజిస్టర్ తెరిచి, తలెత్తకుండా, "మగవాళ్ళెవరూ రాలేదామ్మా?" అన్నారు.

"వాళ్ళమ్మ వచ్చిందండీ" అన్నాను.

"అమ్మ సరే. రేపేదన్నా అయితే ఎవరిది బాధ్యత? భర్తనన్నా రమ్మనండి, లేకపోతే అన్నదమ్ములెవరున్నా రమ్మనండి."

భర్త ఫోన్ ఎత్తడం లేదని చెప్పాం. నేను పక్కనే ఉద్యోగం చేసుకుంటున్నాను, నా ఆధార్ ఇస్తాను, నా ఫోన్ నంబరు రాసుకోండి అన్నాను. కుదరదన్నారు. చెడ్డగా మాట్లాడలేదు, విసుక్కోలేదు కూడా. ఎప్పటినుంచో అలాగే జరుగుతోంది కాబట్టి అలాగే చెప్పారు, అంతే. ఆఖరికి అక్క తమ్ముడు, డిగ్రీ రెండో ఏడు చదువుతున్నవాడు, అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆసుపత్రి మెట్లెక్కనివాడు, బస్సెక్కి మర్నాడు వచ్చాడు. వాడు పుట్టినప్పుడు అక్కకి పదమూడేళ్ళు. చంకలో వేసుకుని తిప్పింది, బడికి పంపింది, లెక్కలు నేర్పింది. వాడు వచ్చి ఆ రిజిస్టర్‌లో గీసిన గీతతో ముప్పై రెండేళ్ళ అక్క బయటికొచ్చింది. అక్క ఇంటర్ పాసైంది, ముత్యాల్లాంటి చేతిరాత. ఆ రోజంతా ఆమె పక్కనే బల్ల మీద కూర్చుని ఉంది, ఒక్కరు కూడా ఆమె ముందుకి కాగితం జరపలేదు.

ఇంటికి తీసుకొచ్చాక కనిపించినవి కొన్ని. పేలు పడ్డాయని తల నున్నగా గీయించారు. ఊళ్ళో అడిగినవాళ్ళకి పిన్ని "తిరుపతి మొక్కు" అని చెప్పింది. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా అతికిందంటే ఇద్దరు ముగ్గురు ప్రసాదం అడిగారు, పిన్ని షాపులో లడ్డూలు కొనుక్కొచ్చి పంచింది. వార్డులో ట్యూబులైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి కాబట్టి చీకట్లో అక్కకి నిద్ర పట్టేది కాదు, చాలాకాలం హాల్లో లైటు వేసుకునే పడుకుంది. అన్నం గబగబా తినేసి కంచం కడిగేసి గోడ పక్కన నిలబడేది. బాత్రూంకి వెళ్ళే ముందు పిన్ని వంక చూసి ఆగేది, పిన్ని వెళ్ళమ్మా అనేదాకా. తన ఇంట్లో, తన తల్లి దగ్గర.

చట్టం చెప్పేది వేరు

ఇదంతా పాతకాలం సంగతి కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మా అక్క విషయం జరిగింది ఆ తర్వాతే. ఆ చట్టంలో 19వ సెక్షన్ ఒకటుంది. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోవట్లేదనో, ఇల్లు లేదనో, బయట తగిన వసతులు లేవనో ఒక మనిషిని ఆసుపత్రిలో ఉంచెయ్యడానికి వీల్లేదు అని అందులో ఉంది. సభలో ఆ పెద్దాయన చెప్పిన కారణాన్నే చట్టం పేరు పెట్టి మరీ కొట్టేసింది. 20వ సెక్షన్‌లో బలవంతంగా గుండు చేయించకూడదని ఉంది, ఇష్టమైతే సొంత బట్టలు వేసుకోవచ్చని ఉంది, పని చేయిస్తే జీతం ఇవ్వాలని ఉంది, నెలసరి సమయంలో కావలసినవి ఆడవాళ్ళకి అందాలని కూడా ఉంది. తనంతట తను చేరిన మనిషి వెళ్తానంటే పంపాలి. తనకి తెలియని స్థితిలో చేర్పించినా, మొదట ముప్పై రోజులకి మించి ఉంచడానికి లేదు, ఆపైన ఉంచాలంటే ఇలాంటివి చూడటానికి ఆ చట్టం కిందే పెట్టిన రివ్యూ బోర్డు ఒప్పుకోవాలి.

అందులోనే ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది గమనించరు. అలా చేర్పించిన విషయాన్ని బోర్డుకి ఏడు రోజుల్లో తెలపాలి. కానీ చేర్పించింది ఆడమనిషినో మైనర్‌నో అయితే మూడు రోజుల్లోనే తెలపాలి. అంటే చట్టం రాసినవాళ్ళకి తెలుసు, ఆడదాన్ని ఆసుపత్రిలో పెట్టించి చేతులు దులుపుకోవడం ఎంత సులువో.

ఇది కొత్తగా ఎవరో మనకి చెప్పిన నీతి కూడా కాదు. 1982లోనే హజారీబాగ్ జైల్లో మతి తప్పిందని పెట్టి, ఆ తర్వాత నయమైనా దశాబ్దాలపాటు మరిచిపోయిన ఖైదీల కేసు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఏ నేరమూ చేయని మానసిక రోగుల్ని జైళ్ళలో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1993లో షీలా బర్సే కేసులో చెప్పింది. నయమైనా ఆసుపత్రుల్లోనే ఉండిపోయినవాళ్ళ గురించి గౌరవ్ బన్సల్ వేసిన కేసులో, వాళ్ళకోసం బయట వసతి గృహాలు పెట్టమని 2017లో రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. తర్వాత ఏమైంది? అలాంటివాళ్ళని బిచ్చగాళ్ళ హోములకీ వృద్ధాశ్రమాలకీ మార్చడం ఆపమని 2021లో మహారాష్ట్రకి మళ్ళీ చెప్పాల్సొచ్చింది. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్యశాలల పరిస్థితి అమానుషంగా ఉందని నోటీసులిచ్చింది, నయమైనవాళ్ళని ఇంకా ఉంచుతున్నారన్నది కూడా అందులో ఉంది.

నలభై ఏళ్ళుగా అదే మాట పైనుంచి చెప్తున్నారు. కింద ఆఫీసు గదిలో మాత్రం "మగవాళ్ళెవరూ రాలేదామ్మా" అనే అడుగుతున్నారు. ఆ గుమాస్తా మీద నాకు కోపం లేదు. రేపు ఆ మనిషికి ఏమన్నా అయితే ముందు ఆయన్నే పిలుస్తారని ఆయన టెన్షన్. పేషెంటు సంతకం తీసుకుని పంపినందుకు నీ మీద కేసు రాదు, ఉద్యోగం పోదు అని ఆయనకి ఎవరైనా ఒక్క సర్క్యులర్ రాతపూర్వకంగా ఇచ్చారా? రంగులు వేయించడానికి టెండర్లు పిలిచినంత శ్రద్ధ ఆ ఒక్క కాగితం మీద పెట్టుంటే చాలామంది ఎప్పుడో బయటుండేవాళ్ళు.

ఎందుకు రారంటే

ఎర్రగడ్డ పంపాలి, వాల్తేరు పంపాలి అని మాటవరసకి ఒకళ్ళనొకళ్ళం అనుకుంటూ ఉంటాం కదా, పంపడం గురించి మాత్రమే మనకి మాటలున్నాయి. "పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు" అన్న సామెత మనదే. జబ్బు దాచిపెట్టి పెళ్ళి చేస్తారు. పెళ్ళయ్యాక బయటపడితే మోసం చేశారని పుట్టింట్లో దింపేస్తారు. హిందూ వివాహ చట్టంలో 13వ సెక్షన్ కింద మతిస్థిమితం లేకపోవడం విడాకులకి ఒక కారణం కాబట్టి ఆసుపత్రి కాగితాలు అటువైపు లాయరు దగ్గర సాక్ష్యంగా మారతాయి. పుట్టింట్లో చెల్లెలికి సంబంధాలు చూస్తుంటారు, "ఇంట్లో ఇలాంటి మనిషుందంటే ఎవరొస్తారు" అంటారు. ఆ పెళ్ళి అయ్యేదాకా ఉండనీ అనుకుంటారు, తర్వాత చెల్లెలి కాన్పు, తర్వాత ఇంకోటి.

ఆస్తి సంగతి కూడా చెప్పుకోవాలి, దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది ఆంధ్రప్రదేశ్. కేంద్రం 2005లో చేసిన పని మనం 1986లోనే చేశాం. కానీ ఆసుపత్రిలో ఉన్న కూతురికి ఆ వాటా ఎవరిస్తారు? నాకు తెలిసిన ఒక ఇంట్లో తండ్రి పోయాక వారసుల పేర్లు రాయించేటప్పుడు ఇద్దరు కొడుకుల పేర్లే రాయించారు, పదేళ్ళుగా వార్డులో ఉన్న కూతురు లెక్కలోకే రాలేదు. ఇప్పుడు ఆ అన్నదమ్ములు ఆమెని తీసుకురావడానికి వెళ్తారా? తీసుకొస్తే ఆమె మంచం ఎక్కడ వేస్తారన్న ప్రశ్న వస్తుంది, ఆ వెంటనే ఆ గది ఎవరిదన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆమె బయటికి రావడం వల్ల నష్టపోయే వాళ్ళ చేతిలోనే ఆమెని బయటికి తెచ్చే సంతకం పెట్టాం.

మగవాళ్ళ వార్డుల్లో వదిలేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, వాళ్ళ బతుకూ నరకమే. కానీ మేం వెళ్ళిన రోజుల్లో ములాకాత్ సమయంలో నేను చూసింది ఇది: మగవాళ్ళవైపు గేటు దగ్గర క్యారేజీలు పట్టుకుని అమ్మలు, భార్యలు, అక్కచెల్లెళ్ళు నిలబడి ఉండేవాళ్ళు. ఆడవాళ్ళవైపు ఏ ముసలి తల్లో ఒక్కతీ. భర్త అన్నవాడు కనిపించడం అరుదు. తల్లి పోతే ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది.

లోపల భద్రమేనా

"బయట ఆడదానికి రక్షణ ఎక్కడుందమ్మా, లోపలే నయం" అని నాతో అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, మంచివాళ్ళే అన్నారు. అందుకే దీనికి జవాబు చెప్పాలనిపిస్తోంది.

2009లో చండీగఢ్ కేసు గుర్తుందా? ప్రభుత్వ సంరక్షణ గృహంలో ఉన్న, బుద్ధిమాంద్యం ఉన్న ఒక అమ్మాయి, అనాథ, అక్కడే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. గర్భం తీయించెయ్యమని అధికారులు హైకోర్టుకి వెళ్తే సరేనన్నారు. ఆ అమ్మాయి మాత్రం నాకు బిడ్డ కావాలంది. ఆమె ఒప్పుకోకుండా తీయించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు ఆపింది. ఆమెని కాపాడాల్సిన చోటే ఆమెకి అన్యాయం జరిగింది, ఆ తర్వాత ఆమె ఒంటి గురించి ఆమె తప్ప అందరూ నిర్ణయాలు తీసుకోబోయారు. అంతకుముందు 1994లో పుణె ససూన్ ఆసుపత్రిలో, శిరూర్‌లోని ప్రభుత్వ గృహంలో ఉంటున్న బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లలకి గర్భసంచులు తీసేశారు, నెలసరి శుభ్రత చూసుకోలేకపోతున్నారని. చూసుకోలేనిది సిబ్బంది, గర్భసంచి పోయింది పిల్లలకి. బీహార్‌లోని ముజఫర్‌పూర్ గృహంలో ఆడపిల్లల మీద జరిగిన అత్యాచారాల సంగతి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తనిఖీ చేసి రిపోర్టు రాస్తేనే కదా 2018లో బయటపడింది. అదీ బాలికల సంరక్షణ కోసం పెట్టిన గృహమే.

ఈ మూడు చోట్లా గేట్లకి తాళాలున్నాయి. లోపలివాళ్ళు బయటికి పోలేని చోట బయటివాళ్ళు కూడా లోపలికి రారు, ఇక అక్కడ ఏం జరిగినా చెప్పే దిక్కుండదు. కెమెరాలు పెట్టామంటారు. ఆ కెమెరా చూసేది కూడా ఆ సంస్థ మనిషే. అక్క ఉన్న వార్డులో ఒక ఆయా అందరి మీదా చేయిచేసుకునేదట. ఎందుకు చెప్పలేదక్కా అని అడిగితే, "ఎవరికి చెప్పాలి? చెప్తే జబ్బు ఇంకా తగ్గలేదని రాస్తారు" అంది. కోపం వస్తే జబ్బు, ఏడిస్తే జబ్బు, ఇంటికి పోతానని గట్టిగా అడిగితే అదీ జబ్బే. కాబట్టి తొందరగా బయటపడాలనుకునే ఆడవాళ్ళు అక్కడ నేర్చుకునేది నోరు మూసుకోవడం. రోజుకి నలుగురు లోపలికీ బయటికీ తిరిగే వార్డులో, ఏ ఆదివారమో ఇంటికెళ్ళి వచ్చే వీలున్న వార్డులో, ఆ ఆయా చెయ్యెత్తే ముందు ఒక్కసారి ఆలోచిస్తుంది. భద్రత అక్కణ్ణించి వస్తుంది.

నాకున్న సందేహాలు

ఇంత గట్టిగా అంటున్నాను గానీ, నాకు తేలని సంగతులు ఉన్నాయి.

మొదటిది, సంతకం పెట్టి బయటికొచ్చిన మనిషి ఎక్కడికెళ్తుంది? కొట్టి తరిమిన అత్తగారింటికా? వాటా అడుగుతుందని భయపడే అన్నల దగ్గరికా? గేటు తీసి, చేతిలో నెలరోజుల మందులు పెట్టి, బస్టాండులో వదిలేసి హక్కులు ఇచ్చేశాం అనుకుంటే అది ఇంకో ఘోరం. ఇటలీలో 1978లో చట్టం చేసి పిచ్చాసుపత్రులు మూసేయడం మొదలుపెట్టినప్పుడు కూడా, బయట వైద్యకేంద్రాలు ముందే సిద్ధం చేసుకున్న త్రియెస్తె లాంటి చోట్ల బాగా నడిచింది, ఏర్పాట్లు లేని ప్రాంతాల్లో బరువంతా కుటుంబాల మీద పడింది.

కుటుంబం మీద పడిందంటే ఎవరి మీద పడినట్టు? మా ఇంట్లో అయితే పిన్ని మీద. ఆమెకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. రోజూ మందులు గుర్తుచెయ్యడం, చంటిపిల్లాణ్ణి చూడటం, రాత్రి అక్క లేస్తే తనూ లేవడం, ఊళ్ళోవాళ్ళ మాటలు పడటం. ఆసుపత్రి దించుకున్న బరువు ఇంకో ఆడమనిషి నెత్తిన పడింది. హక్కుల గురించి రాసేవాళ్ళం ఈ పిన్నులని మర్చిపోతాం. వాళ్ళకి నెలకి ఇంత అని డబ్బు, వారానికి ఒకరోజన్నా ఇంటికొచ్చి చూసే మనిషి ఉండాలి. లేకపోతే పిన్నే ఒకరోజు "మళ్ళీ చేర్పించేద్దాం" అంటుంది, అంటే తప్పు పట్టలేం.

రెండోది ఇంకా కష్టం. వెళ్ళనంటే? ఇరవై ఏళ్ళు ఆ వార్డులోనే గడిపిన పెద్దావిడ ఒకామె అక్కకి స్నేహితురాలు. వంటగదిలో కూరలు తరిగేది, కొత్తగా వచ్చిన పిల్లలకి జడలు వేసేది, జుట్టు మిగిలినవాళ్ళకి. ఇంటికి వెళ్తావా అంటే "ఇదే ఇల్లు కదమ్మా" అనేదట. అది ఆమె నిర్ణయమేనా, లేక ఇరవై ఏళ్ళలో ఇంకోటి ఊహించే శక్తి పోయిందా? ఆమె మాటే చెల్లాలి అని వాదిస్తున్న నేను, ఆమె ఉంటానన్నప్పుడు మాత్రం అది నిజం మాట కాదు అనొచ్చా? చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచింది ఏమంటే, ఇంకో చోటు చూపించకుండా అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబుని జవాబు అనలేం. ముందు నాలుగురోజులు ఇంకోచోట ఉండి రానివ్వాలి. తన తలుపుకి తను గడియ పెట్టుకుని పడుకోనివ్వాలి, టీ ఎప్పుడు తాగాలో తను అనుకుని తాగనివ్వాలి. ఆ తర్వాత కూడా ఇక్కడే ఉంటానంటే అప్పుడు అది ఆమె మాట.

అలాంటి చోట్లు ఊహలో ఉన్నవి కావు. చెన్నైలో ది బన్యన్ అనే సంస్థ ఉంది, 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు స్నేహితులు, రోడ్ల మీద తిరుగుతున్న మానసిక రోగులైన ఆడవాళ్ళకోసం మొదలుపెట్టారు. ఆసుపత్రుల్లో ఏళ్ళతరబడి ఉండిపోయినవాళ్ళని నలుగురైదుగురిని కలిపి మామూలు వీధుల్లో మామూలు అద్దె ఇళ్ళలో ఉంచుతారు, తోడుగా సాయానికి ఒక మనిషి ఉంటుంది. వంట వాళ్ళదే, బజారు వాళ్ళదే, ఇంట్లో ఎవరితో ఉండాలో ఎంచుకునేదీ వాళ్ళే. తమిళనాడుతో ఆగకుండా కేరళ, అస్సాంలలో కూడా అలాంటి ఇళ్ళు నడుస్తున్నాయి. కోల్‌కతాలో రత్నాబలి రాయ్ మొదలుపెట్టిన అంజలి అనే సంస్థ పావ్‌లవ్ మానసిక ఆసుపత్రిలోనే లాండ్రీ పెట్టించింది. వార్డుల్లో ఉన్నవాళ్ళు అక్కడ పనిచేసి జీతం తీసుకుంటారు. చేతిలో సొంత డబ్బు ఆడిన మనిషి ఎక్కడికెళ్ళాలన్న ఆలోచన కూడా మొదలుపెడుతుంది, అది వార్డులో మంచం మీద కూర్చుంటే రాదు. ఒక పెద్ద వార్డు కట్టించే ఖర్చుతో ఇలాంటి ఇళ్ళు ఎన్ని అద్దెకి తీసుకోవచ్చో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎవరన్నా కూర్చుని లెక్క వెయ్యాలి.

మూడో సందేహం జబ్బు తిరగబెట్టడం గురించి. తిరగబెడుతుంది, మా అక్కకి తిరగబెట్టింది. మందులు మానేసింది, లావైపోతున్నానని. ఆ వారం రోజులు మాకు నరకం. సంతకం ఆమెది కావాలంటున్నావుగా, ఆమె మతిలో లేనప్పుడు ఏం చేస్తావు అని తమ్ముడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి దారి కూడా ఆ చట్టంలోనే ఉందని అప్పటికి మా ఎవ్వరికీ తెలియదు.

ఒక తెల్లకాగితం

14వ సెక్షన్ అది. తను బాగున్నప్పుడే, మేజరైన వాళ్ళెవరైనా సరే ఒక తెల్లకాగితం మీద, నాకు తెలియని స్థితి వస్తే నా తరఫున ఫలానా మనిషి మాట్లాడాలి అని రాసి సంతకమో వేలిముద్రో వేసి పెట్టుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఆ ఫలానా మనిషి కూడా మేజరై, ఆ బాధ్యత మోయగలిగి ఉండి, ఒప్పుకుంటున్నట్టు రాసిస్తే చాలు. భర్తో తమ్ముడో కానక్కర్లేదు, చుట్టరికమే అక్కర్లేదు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా మానసిక వైద్యం తీసుకుంటుంటే, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈ వారంలోనే ఆ కాగితం రాయించండి, రాసేటప్పుడు మీరు పక్కన కూర్చోకండి. ఎవరైనా నయమయ్యాక కూడా వార్డులో ఉండిపోయి ఉంటే జిల్లా రివ్యూ బోర్డుకి అర్జీ పెట్టండి. పేషెంటే పెట్టుకోవచ్చు, ఆమె ఆ కాగితంలో పేరు రాసుకున్న మనిషీ పెట్టొచ్చు.

అక్క రాసింది. నన్ను రాస్తుందనుకున్నాను, పిన్ని అయితే తననే అనుకుంది. అక్క మా ఇద్దరినీ కాదని, తను టైలరింగ్ నేర్చుకునే రోజుల్నుంచీ ఉన్న స్నేహితురాలి పేరు రాసింది. ఆమె పక్కవీధిలో బ్లౌజులు కుడుతుంది, మా కులం కాదు, మా మతం కూడా కాదు. తమ్ముడు ఒప్పుకోలేదు. "బయటిమనిషి చేతిలో పెడతావా, రేపు చుట్టాల్లో తలెత్తుకోగలమా" అని గొడవ చేశాడు. పిన్ని రెండు రోజులు మాట్లాడలేదు. అక్క మాత్రం మార్చలేదు. "మీరంతా నేను బాగుండాలనుకుంటారు. అది మాత్రం నన్ను అడుగుతుంది" అంది.

కాగితం మూడు కాపీలు తీయించాం. ఒకటి డాక్టరుగారి ఫైల్లో పెట్టమని ఓపీలో ఇచ్చాం, ఆయన తీసుకుని తేదీ వేశారు. ఒకటి స్నేహితురాలి దగ్గర, ఒకటి అక్క దగ్గర. వాటా విషయం కూడా అక్కే ఎత్తింది, తనంతట తనే, పోయిన పండగకి అందరం ఉన్నప్పుడు. ఆ పంచాయతీ ఇంకా నడుస్తోంది.